చిన్నమామ కోటు

సొన్నమ్మ పొద్దున్నే ముందు ఆవును పిండుతుంది, తర్వాత కోటును పిండుతుంది.

ఆవు పాలు డెయిరీకి పోతాయి. కోటు నీళ్లు వీధికి పోతాయి. కోడలుగా ఆ ఇంట అడుగుపెట్టిన మర్నాటి నుంచీ ఇదే వరస. ఇప్పుడామెకు డెబ్బైనాలుగేండ్లు. బంగారు గనుల ఊరైన ఊరిగాంలో, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ వెనకాల, రేకుల కప్పులున్న ఇండ్ల వరసలో మొదటి ఇల్లు ఆమెది. నడవలో దేవుడి పటాలకు ఎడమ పక్కన ఒక ఇనుప మేకు. ఆ మేకుకు మోకాళ్ల కిందిదాకా వచ్చే ఉన్ని కోటు, మిలిటరీ కోటు. ఒకప్పుడు ఏ రంగో ఏమో, ఇప్పుడు తడిమట్టి రంగు. దాని అంచుల్లోంచి నీళ్లు కారుతుంటాయి, కొన్ని రోజులు బొట్టుబొట్టుగా, కొన్ని రోజులు ధారగా. కింద ఇత్తడి గంగాళం.

సొన్నమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుని, కోటు చేతులు రెండూ మెల్లగా, నొప్పి పుట్టనట్టు పిండుతుంది. ఎందుకంటే ఆ కోటు ఆమెకు చిన్నమామది. మామగారు తిమ్మప్పకు తమ్ముడు. పందొమ్మిదో ఏట యుద్ధంలో పోయాడు గనక ఆయన వయసు ఇప్పటికీ పందొమ్మిదే. అయితే ఏం? మామ మామే కదా! ఆయన ముందు ఆమె కాళ్లు చాపుకుని కూర్చోదు. కొడుకు వసంతును తిట్టాలన్నా పెరట్లోకి పిలిచి తిడుతుంది.

అప్పటికే వాకిట్లో బిందెలు వరసకట్టి ఉంటాయి. మొదటి బిందె ఎప్పుడూ పక్కింటి సీనప్పదే. మైనులో ముప్పై ఏండ్లు పనిచేసి, గని మూసేశాక నోటికి తప్ప దేనికీ పని చెప్పని మనిషి.

"ఏమక్కా, ఈపొద్దు దొర పిసినారి అయిపోయినాడే?"

"ఆడ ఎండ కాస్తా ఉంటే ఆయప్ప ఏం చేస్తాడప్పా? నువ్వు పోయి నాలుగు మబ్బులు తోలుకొని రాపో."

"నేను పోతే మబ్బులు కూడా పారిపోతాయిలేక్కా."

"అది మాత్రం నిజమే."

నవ్వుకుంటూ నిండిన ప్రతి బిందెకూ గోడ మీద సున్నంతో ఒక గీత గీస్తుంది సొన్నమ్మ. పాలు పోసే ఆడవాళ్లు వాడుక ఇండ్ల గడపల మీద గీతలు గీసే అలవాటు అది. ఆ ఇంట మొదట గీసింది ఆమె అత్తగారి అత్త, నరసమ్మ. పండక్కి ఇల్లంతా వెల్ల వేసినా ఆ గోడను మాత్రం ఎవరూ ముట్టుకోరు. నేల నుంచి దూలం దాకా, ఏటికేడు, నెలకు నెల, గీతలే గీతలు.

ఆ వీధికి నీళ్ల ట్యాంకరు రాదు. ఎందుకు రాదో తర్వాత చెప్పుకుందాం. చెప్పేటప్పుడు నోరు అదుపు తప్పకుండా ఆ దేవుడే చూడాలి.

ఒక ఆదివారం సుప్రీత వచ్చింది. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే పిల్ల. పుట్టింది మాత్రం ఇక్కడే, మైను ఆఫీసు గుమాస్తాల ఇంట్లో. పాత బంగళాల దగ్గర ఒక హాలు గోడ మీద ఇత్తడి పలక ఉంది. ఇక్కడ పెరిగి, మొదటి ప్రపంచ యుద్ధానికి పోయి తిరిగిరాని పన్నెండుమంది పేర్లు దాని మీద ఉన్నాయి. వాళ్లు ఎవరు, ఎక్కడ తిరిగారు, ఎక్కడ పడిపోయారు అని ఆ పిల్ల సెలవు రోజుల్లో వెతుకుతోంది. పదకొండుమంది దొరికారు. పన్నెండోవాడు మార్టిన్ టియర్నీ. ఐర్లండు పిల్లవాడు.

వీధి మొగన నిలబడి ఆ పేరు అడిగింది.

"ఎవరు, మార్టప్పా?" అన్నాడు సీనప్ప. "ఇంట్లోనే ఉండాడు, పో. చెప్పులు బయటే విడిచిపెట్టమ్మా, నేల తడి."

సుప్రీత లోపలికొచ్చింది. కోటుకు నమస్కారం పెట్టింది. సొన్నమ్మ ఇచ్చిన చెంబుడు నీళ్లు తాగి, మార్టిన్ మిలిటరీ ఫైలు నకలు తీసి తెలుగులో చెప్పుకుంటూ పోయింది. పుట్టింది ఊరిగాంలో, పద్దెనిమిది వందల తొంభై ఎనిమిదిలో. తండ్రి ఐర్లండు నుంచి వచ్చి, గనిలోకి మనుషుల్ని దించే ఇంజను నడిపేవాడు. తల్లి కాన్పులో పోయింది. పదిహేడేండ్లప్పుడు తండ్రి వాణ్ణి ఐర్లండులో తన అన్న దగ్గరకు పంపాడు. అక్కడ పటాలంలో చేరాడు. పందొమ్మిది వందల పదిహేడు ఆగస్టులో, బెల్జియం దేశంలో, వానలో బురదలో జరిగిన యుద్ధంలో కనిపించకుండా పోయాడు. శవం దొరకలేదు. అప్పటికి తండ్రి ఇక్కడ గనిలో, పెద్దనాన్న ఐర్లండులో పోయారు. బంధువులు లేరు.

"చివర్లో ఏమంటివి?"

"బంధువులు లేరు అని ఉంది అవ్వా."

సొన్నమ్మ లేచి నిలబడింది. "యా నా కొడుకు రాసినాడు ఆ మాట?"

చిన్నమామ ఎదుట బూతు వచ్చేసిందని గబుక్కున చెంపలు వేసుకుంది. కోపం మాత్రం దిగలేదు.

"లేరా? ఎవరూ లేరా? తల్లి పోయిన గంటకే మా నరసమ్మవ్వను బంగళాకు పిలుచుకొని పోయినారు. ఆమె ఒళ్లో పదకొండు దినాల బిడ్డ, మా మామ. ఒక రొమ్ము వానికి, ఒక రొమ్ము వీనికి. మూడేండ్లు! వాడు ఫస్టు మాట్లాడిన మాట తెలుగు. దొరల స్కూలు విడిచిపెట్టినంక ఈడికే వస్తా ఉండె. సంగటి ముద్ద ఇంత మిగిలినా తిమ్మప్పకు దక్కనిస్తా ఉండలే. యుద్ధం నుంచి ఒక కార్డు రాసినాడు, మన అక్షరాల్లో. చెదలు తినేసినాయి గానీ అవ్వకు కంటతా ఉండె. 'ఈడ వాన నిలవడం లేదు అమ్మా, కోటు ఆరడం లేదు' అని. అమ్మా అని రాసినాడు! వాళ్ల దేశాన్నీ మన దేశాన్నీ ఒకే రాజు ఏలుకొంటా ఉంటే, ఆ రాజు జగడానికి పోయి చచ్చినాడు బిడ్డ. పైన ఇంగ ఎవరూ లేరనేదొకటా?"

సుప్రీత తల దించుకుంది. ఫైల్లో చివరి కాగితం తిప్పి చూపించింది. మైను ఆఫీసు నుంచి పోయిన జాబు. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో హెడ్ గుమాస్తా సంతకం.

"వాదిరాజ అని ఉంది అవ్వా. మా ముత్తాత."

సొన్నమ్మ చెంబు తీసుకుని మళ్లీ గంగాళంలో ముంచింది.

"నీళ్లు తాగినావా?" అంది సొన్నమ్మ.

"తాగినాను."

"ఇంగొంచెం తాగు. తాగి, ఆయప్ప అట్లా ఎందుకు రాసినాడో చెప్పు."

ఆ పిల్లకు తెలియదు. సొన్నమ్మకు తెలుసు. నరసమ్మ చివరి నాలుగేండ్లు మంచం మీదే ఉన్నప్పుడు, కాళ్లు ఒత్తుతూ వంద సార్లు విన్నది. చిన్నమామ సామాన్ల పార్సిలు వచ్చిందని తెలిసి నరసమ్మ మైను ఆఫీసుకు పోయింది. వసారాలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. కిటికీలోంచి గుమాస్తా అడిగాడు, నువ్వెవరు అని. వాని అమ్మను అంది. వాని అమ్మ చచ్చిపోయింది కదా అన్నాడు. కన్న అమ్మ పోయింది సామీ, పెంచిన అమ్మను నేను అంది. ఆయాల కోసం ఈ కాగితంలో గడి లేదు అన్నాడు ఆయన. అని, చెయ్యి తగలకుండా రూళ్లకర్రతో పార్సిలును కిటికీ ఇవతలికి తోసి, 'వాసన వస్తోంది, తీసుకుపో' అన్నాడు. ఆ తర్వాత కలం సిరాలో ముంచి, కన్నీళ్లు కారుస్తూ ఒక తల్లి ఎదురుగా నిలబడి ఉండగానే, 'బంధువులు లేరు' అని రాశాడు.

చెడ్డ మనిషేం కాదు, వాదిరాజ. మూడు పూటలా సంధ్య వార్చేవాడు. చీమల పుట్టకు చక్కెర చల్లేవాడు. అదే మరి ఒళ్లు మండేది! చీమ కనబడింది ఆయనకు. నరసమ్మ కనబడలేదు.

మూడు నెలలు ఓడలో వచ్చిన పార్సిలు. విప్పితే కోటు తడిగా ఉంది. చనిపోయే ముందు ఒకసారి ఆస్పత్రిలో పడితే, అక్కడ కొత్తది ఇచ్చి, పాతది సామాన్లలో కట్టేసిన కోటు అది. నరసమ్మ రెండు రోజులు ఎండలో ఆరేసింది, ఆరలేదు. మూడోరోజు కింద గంగాళం పెట్టింది.

"పోయేటప్పుడు అవ్వ ఒకే మాట చెప్పింది," అంది సొన్నమ్మ. "'బిడ్డ వానలో ఉండాడు. లోపలికి పిలుచుకోండి.' యాడని పిలిచేది? యాడుండాడో తెలిస్తే కదా?"

సుప్రీత గోడకేసి చూస్తోంది. "ఆ గీతలు ఏంటివి అవ్వా?"

"కోటు ఏ దినం ఎన్ని బిందెలు ఇచ్చిందో అవి. ఆడ ఎంత వాన పడితే ఈడ అన్ని నీళ్లు."

"ఏ దినం ఏ గీతో తెలుస్తుందా?"

"తెలవకుండా? చుక్క పెట్టినాక నెల. అడ్డగీత పెట్టినాక ఏడాది."

ఆ పిల్ల ఫోను తీసి గోడను దూలం దాకా జానెడు జానెడుగా ఫొటోలు తీసుకుంది. వెళ్లేటప్పుడు కోటుకు మళ్లీ దండం పెట్టింది, ఈసారి మోకాళ్ల మీద.

మూడు నెలలు గడిచాయి. బెల్జియంలో ఆ యుద్ధం జరిగిన చోట పల్లెపల్లెకూ వాన కొలిచే లెక్కలున్నాయి. ఏ పల్లెలో ఏ రోజు ఎంత కురిసిందో ఒక పక్క, సొన్నమ్మ గోడ మీది గీతలు ఒక పక్క పెట్టి, సుప్రీత కంప్యూటరు చేత రెండూ పోల్పించి చూసింది. ఒక పల్లెలో ఆవలి వీధిలో వాన పడి ఈవలి వీధిలో పడని రోజులుంటాయి కదా, అట్లాంటి రోజులే దారి చూపించాయి. చివరికి ఒక్క చేను మిగిలింది. చక్కెర దుంపల చేను. దాని కొసన మురుగు కాలవ.

"ఈడనా?" సొన్నమ్మ ఫోనులో ఆ పచ్చటి మడిని వేలితో తడిమింది. "ఈ కాలవ గట్టునా పండుకొని ఉండాడు నా తండ్రి?"

"ఇక్కడే అవ్వా. ఆ దేశంలో యుద్ధంలో పోయినవాళ్ల సమాధులు చూసుకునే ఆఫీసు ఉంది. మనం అర్జీ పెడితే తవ్వుతారు."

ఈ మాట వీధిలోకి పోవడానికి ఎంతసేపు? సాయంత్రానికి వాకిలి నిండింది. ఈసారి చేతుల్లో బిందెల్లేవు. సీనప్ప గొంతు సవరించుకున్నాడు. పరాచికాల మొహం కాదు.

"అక్కా, ఒక మాట. తవ్వితే ఆ పిల్లోడు వానలోంచి బయటికొస్తాడు. సరే. కోటు ఆరిపోతాది. మేము యాడ తాగేది?"

"నలభై ఇండ్లక్కా," అంది వెనక నుంచి ఒక ఆడమనిషి. "బోరు నీళ్లలో ఏమేం కలిసిందో దిబ్బను చూస్తే తెలవదా? నోట్లో పోసుకొనేదానికి లేదు."

"నూరేండ్లు తడిసినాడు. ఇంగ ఒక పదేండ్లు..." సీనప్ప మాట సగంలోనే మింగేశాడు.

సొన్నమ్మ వాళ్లను తిట్టలేదు. తిట్టాలనే నోరు తెరిచింది గానీ, ఎదురుగా ఉన్నవాళ్లందరి పెదాలూ ఎండిపోయి కనిపించాయి. సీనప్ప తలెత్తి ఆమె కళ్లలోకి చూడలేకపోతున్నాడు. ముఖ్యంగా ఇది చూడండి. మంచివాళ్లు, పండక్కి ఇంటింటికీ ఒబ్బట్లు పంచుకునేవాళ్లు, ఒక చచ్చిన పిల్లవాడు ఇంకో పదేండ్లు వానలో నానాలని కోరుకునే గతికి వచ్చారు. వాళ్లను ఆ గతికి తెచ్చిందెవరు?

ఇప్పుడు చెప్పుకోవాలి ఆ ట్యాంకరు సంగతి. నీళ్ల ఆఫీసులో వీధుల పట్టీ ఒకటి ఉంది. వారానికి రెండుసార్లు ట్యాంకరు పోవలసిన వీధులన్నీ అందులో ఉన్నాయి. ఈ వీధి పేరు ఎదుట మాత్రం ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన రాశారు: 'ప్రత్యామ్నాయ నీటి వనరు కలదు. కోటు.' ఎవరో అధికారి ఎప్పుడో రాశాడు. తర్వాత వచ్చిన ప్రతి అధికారీ దాని కింద సంతకం పెట్టుకుంటూ పోయాడు. తమ ఇంట్లో మాత్రం మూతబిగించిన సీసా నీళ్లు తాగుతూ, బురదలో పడి చచ్చిన పందొమ్మిదేండ్ల బిడ్డ మీద నలభై ఇండ్ల దాహం మోపారు. దేవుడనేవాడు పైన ఉన్నాడు. చూస్తూనే ఉంటాడు.

"పాపా," అంది సొన్నమ్మ, "చిన్నమామ చచ్చిపోయినాడని నీ ఫైల్లో కాగితం ఉండాదా?"

"ఉంది. మరణ ధ్రువపత్రం."

"దాన్ని తీసుకొని రేపు పదిగంటలకు రా."

మర్నాడు సొన్నమ్మ తలంటి పోసుకుంది. పటాలకు దీపం పెట్టింది. 'తప్పయితే క్షమించు మామా' అని కోటుకు దండం పెట్టి, మేకు మీంచి దింపింది. ఆ రోజు అక్కడ జోరు వాన. చీర ముందు భాగమంతా తడుస్తుండగా కోటును పసిబిడ్డలా రెండు చేతుల్లో మోసుకుంటూ నీళ్ల ఆఫీసుకు నడిచింది. వెనక సుప్రీత, సీనప్ప, వీధి మొత్తం. సరాసరి లోపలికిపోయి, అధికారి ఎదుటి కుర్చీకి కోటు తగిలించింది.

అధికారి చూశాడు. బెల్లు కొట్టి, కింద అరలోని ఫైళ్లు పైఅరకు మార్పించాడు.

"చెప్పండమ్మా."

"మా వీధికి ట్యాంకరు పంపించు సారూ."

పట్టీ తీశాడు. "మీకు వనరు ఉందిగా. ఇదేగా? బాగానే పారుతోందే."

"ఇది వనరు కాదు. మా చిన్నమామ."

"ఎవరైనా గానీ, రూలు ప్రకారం వనరు ఉన్నంతకాలం ట్యాంకరు ఇవ్వడానికి లేదు. వనరు ఎండిపోయిందనో, చనిపోయిందనో కాగితం తీసుకురండి, అప్పుడు..."

సుప్రీత కాగితం బల్లమీద పెట్టింది. అధికారి కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"పంతొమ్మిది వందల పదిహేడా?"

"అవును సార్. అప్పుడే చనిపోయారు."

"నూట ఏడేండ్లాయె!" సొన్నమ్మ గొంతు ఆఫీసు దాటి వీధిలోకి వినిపించింది. "నూట ఏడేండ్లుగా చచ్చినోని బట్టలు పిండి మాకు తాపిస్తా ఉండారు మీరు! మీ బిడ్డ వానలో తడిసి వస్తే ఏం చేస్తారు సారూ? తల తుడస్తారా, తల కింద బిందె పెడతారా? చెప్పండి!"

అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. నీళ్లు ఆయన చెప్పుల దాకా వచ్చాయి. కాళ్లు పైకి పెట్టుకుని చుట్టూ చూశాడు. గుమాస్తాలు, చప్రాసీ, గుమ్మంలో జనం, అందరూ ఆయన జవాబు కోసమే చూస్తున్నారు. తడి కుర్చీలోంచి కోటు కూడా ఆయన్నే చూస్తున్నట్టుంది. ఆయన పెన్ను మూత తీసి, ఎర్రగీత మీద ఇంకో గీత కొట్టి, 'వనరు మృతి చెందినది. ట్యాంకరు మంజూరు' అని రాశాడు.

"సోమవారం, శుక్రవారం," అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఇంక దీన్ని... ఆయన్ని తీసుకెళ్లండమ్మా."

మొదటి ట్యాంకరు వచ్చిన సోమవారం సాయంత్రం అర్జీ నింపడానికి కూర్చున్నారు. ఒక గడి దగ్గర సుప్రీత ఆగింది. చనిపోయిన వ్యక్తికి మీరు ఏమవుతారు?

"కోడలు అని రాయి."

"రక్త సంబంధం అడుగుతారేమో అవ్వా. బేజారు చేసుకోవద్దు. పెంచిన సంబంధం అంటే మళ్లీ..."

"ఆవని ఊరికి పోయినావా నువ్వు?" సొన్నమ్మ చేతులు తిప్పుతూ అడిగింది. "కొండమీద సీతమ్మకు మొక్కినావా? మా అవ్వలు చెప్పిన కత విను. తల్లి నీళ్లకు పోతా లవుణ్ణి ఎత్తుకొనిపోయింది. ముని కండ్లు తెరిచి, బిడ్డ లేడని గాబరా పడి, దర్భగడ్డితో ఇంకో బిడ్డను చేసిపెట్టినాడు. ఆ తల్లి తిరిగొచ్చి, ఇద్దరూ నా బిడ్డలే అనింది. గడ్డిపోచ కుశుడయినాడు. అట్లాంటి కొండ నీడన ఉండేవాళ్లను, నువ్వు కన్నావా లేదా అని అడుగుతారా? లేరు అని రాసేదానికి మీ ముత్తాత చెయ్యి వణకలేదు. ఉండారు అని రాసేదానికి నీ చెయ్యి ఎందుకు వణకాల?"

సుప్రీత రాసింది. సొన్నమ్మ సంతకం పెట్టింది. గుమ్మంలో నిలబడ్డ సీనప్ప బొటనవేలు చూపించాడు.

"నేను కూడా ముద్ర వేయనా అక్కా? సాక్షికి. ఇన్నేండ్లు తాగినాను కదా."

"నువ్వు తాగింది నీళ్లేనా?" అంటూ సొన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "వెయ్యప్పా, వెయ్యి."

దుంపల చేను రైతు పంట కోసుకున్నాక తవ్వుకోమన్నాడట, పుణ్యాత్ముడు. ఒక మంగళవారం పొద్దున సొన్నమ్మ లేచేసరికి గంగాళంలో చప్పుడు లేదు. కోటు కారడం ఆగింది. సొన్నమ్మ చెయ్యి పెట్టి చూసింది. చుక్క రాలడం లేదు, కానీ చెమ్మ అట్లాగే ఉంది.

"లేపినారు," అంది వసంతుతో. "కానీ ఇంగా లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడి ఉండాడు."

రెండో రోజు ఆ ఆఫీసు నుంచి సుప్రీతకు జాబు వచ్చింది. ఎముకలు దొరికాయి. వీణలాంటి బొమ్మ ఉన్న గుండీలు దొరికాయి కాబట్టి ఐర్లండు పటాలమే. కానీ పేరున్న బిళ్ల దొరకలేదు. కోటు సాక్ష్యం చాలదు. రక్తబంధువులెవరూ లేరు కనక పరీక్షకు దారి లేదు. అందుచేత 'పేరు తెలియని సైనికుడు'గా పూడ్చిపెడతారు.

సొన్నమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

"దొరికినాక కూడానా! ఎతికి, తవ్వి, చేతిలోకి తీసుకొని కూడా పేరు లేదంటారా! పేరు పెట్టి పిలవకుండా లోపలికి ఎట్లా వస్తాడు? ఎవరి బిడ్డనైనా పిలిచేది అట్లానేనా, ఒరే పేరు తెలియనోడా అని?"

"ఇంకొక సంగతి అడిగారు అవ్వా. నడుం దగ్గర చిన్న వెండి గొట్టం దొరికిందట. రెండు చివరలా మూసేసి ఉందట. ఆయుధమా, మందా, ఏమీ అర్థం కాలేదట వాళ్లకు."

సుప్రీత ఫొటో చూపించింది. వేలి కణుపంత గొట్టం, పక్కన చిన్న కొక్కి.

సొన్నమ్మ ఫోనును కళ్ల దగ్గరకు తెచ్చుకుని చూసింది. తర్వాత ఆమె మొహంలో కోపం కరిగి వెలుగు వచ్చింది.

"అది తాయెత్తు. మొలతాడుకు కట్టేది. బిడ్డకు బొడ్డు ఊడినాక, ఆ ఎండిన ముక్కను దాంట్లో పెట్టి లక్కతో మూస్తారు. బిడ్డను కాపాడతాదని. నరసమ్మవ్వ చేయించింది ఒకటే. ఇద్దరికి చేయించే వెండి యాడిది? దాంట్లో ఉండేది మా మామ తిమ్మప్ప బొడ్డు. చిన్నమామ ఆ ఐర్లండు సీమకు పోయే దినం, పెద్దోని మొలలోంచి విప్పి చిన్నోనికి కట్టింది. 'దూరం పోయేది వీడు, వీనికే కావాల' అనిందంట."

సుప్రీత నిటారుగా కూర్చుంది.

"అవ్వా, ఆ గొట్టంలో మీ మామ బొడ్డు ఉంటే, వసంతన్నకు ఆయన సొంత తాత. రెండూ పరీక్ష చేస్తే కలుస్తాయి. కలిస్తే ఆ తాయెత్తు ఈ ఇంటిదని రుజువు. ఈ ఇంట్లోంచి ఆ యుద్ధానికి పోయింది ఒక్కడే కదా?"

"ఒక్కడే."

అంతా ఉన్నదున్నట్టు రాసి పంపింది ఆ పిల్ల, ఒక్క అక్షరం దాచకుండా. పది రోజులకు దూదిపుల్లలున్న పెట్టె వచ్చింది. పొద్దున్నే ఆరు గంటల రైలుకు పరిగెత్తబోతున్న వసంతును సొన్నమ్మ గుమ్మంలో ఆపేసింది.

"నోరు తెరువు."

"అమ్మా, రైలు!"

"రైలు రేపు కూడా వస్తాది. మీ చిన్నతాత నూరేండ్లుగా నిలబడి ఉండాడు. తెరువు."

కార్తీకంలో జవాబు వచ్చింది. నూరేండ్లు నీళ్లలో ఉన్నా లక్క విడలేదు. లోపల ఉన్నది పొడిగా ఉంది. కలిసింది. ఆ ఎముకలు మార్టిన్ టియర్నీవే. ఫైల్లో దగ్గరి బంధువుల గడి సరిదిద్దారు. సమాధి రాయి మీద పేరు చెక్కుతారు, కింద ఒక వరస రాయించుకునే హక్కు బంధువులది. ఏం రాయమంటారు?

"ఊరిగాం నరసమ్మ కొడుకు," అంది సొన్నమ్మ. "మన అక్షరాల్లో చెక్కమను. రాదంటే రాసి పంపించు, చూసి చెక్కుతారు."

రాసి పంపింది వాదిరాజ మునిమనవరాలు, తన చేత్తో, పెద్ద పెద్ద అక్షరాలతో.

పూడ్చిపెట్టే రోజు మధ్యాహ్నం వీధంతా ఆ నడవలో కూర్చుంది. ఫోనులో చూపిస్తారని సుప్రీత బెంగళూరు నుంచి వచ్చింది. గొడుగులు, టోపీలు, జెండా కప్పిన పెట్టె. అక్కడి పాదిరి తన ప్రార్థన చదువుతుంటే సొన్నమ్మ తనకొచ్చిన రామనామం చెప్పుకుంది. పెట్టె దిగింది. మన్ను పోశారు. తెల్లటి రాయి మీద గుండ్రటి తెలుగు అక్షరాల్లోంచి నీళ్లు జారిపోతున్నాయి.

"వాన పడుతోంది అవ్వా," అంది సుప్రీత మెల్లగా. "కుండపోత."

అందరి చూపులూ మేకు వైపు తిరిగాయి. సీనప్ప గంగాళం వైపు చెవి పెట్టి వింటున్నాడు.

సొన్నమ్మ లేచి పోయి, కోటు అంచు పట్టుకుంది. చేతులు తడిమింది. కాలరు కింద వేళ్లు పెట్టింది. జేబుల్లో చెయ్యి పెట్టి వెతికింది. చెయ్యి బయటికి తీస్తే గుప్పెడు పొడి మట్టి రాలింది. ఉన్ని వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో విడిచినట్టు.

"ఏమక్కా?" అన్నాడు సీనప్ప. "ఆడ వాన నిలిచిందా?"

"పడనీ అప్పా," అంది సొన్నమ్మ. "ఎంతైనా పడనీ. మా చిన్నమామ లోపల ఉండాడు."